ఇంటికి తాళం, లోపల పిల్లి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వేసవి సెలవులు దగ్గరపడితే గోదావరి జిల్లాల నుంచి మాకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే మాట అడుగుతాయి. కుక్కనైతే ఎవరో ఒకరు ఉంచుకుంటామంటారు, పిల్లిని ఎవరికి అప్పజెప్పాలి? ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. వేసవి ఉత్తరాలతో పాటు వరదల గురించీ, సంక్రాంతి గురించీ వచ్చినవి కూడా చేర్చాం. ఊరెళ్ళడం ఏ కాలంలోనైనా ఊరెళ్ళడమేగా.

ప్రశ్న: సొంత ఇల్లు, రెండు పిల్లులు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి నాలుగున్నర కిలోలు, ఆడది మూడున్నర. మే నెలలో 9 రోజులు కాశీ, ప్రయాగ వెళ్తున్నాం. మా అత్తగారు తణుకులో తమ ఇంట్లో దించేసి వెళ్ళమంటున్నారు. పక్కింటి పిన్నిగారేమో రోజూ వచ్చి చూసిపోతానంటున్నారు. ఏది మంచిదంటారు?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పిన్నిగారికే తాళం ఇవ్వండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు గానీ, పెద్ద పిల్లికి తన ఇల్లు మారడమంత కష్టం ఇంకోటి లేదు. దానికి ధైర్యం మనుషుల కన్నా చోటు వల్ల వస్తుంది. తన వాసన పట్టిన గుమ్మం, తనకు తెలిసిన కిటికీ, ఎక్కి కూర్చునే బీరువా ఉంటే చాలు. తణుకులో దించితే మొదటి రెండు మూడు రోజులు మంచం కింద దాక్కుంటుంది, తిండి ముట్టదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒళ్ళున్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి, కాలేయం పనిచేయడం తగ్గిపోతుంది. మనిషి ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండలేదు. పైగా కొత్త ఇంట్లో ఎవరో తలుపు తెరిచిన సందున బయటికి దూరిపోతే, తెలియని వీధిలో దానికి వెనక్కి వచ్చే దారి తెలియదు.

పిన్నిగారు రోజుకు రెండుసార్లు రావాలి. ఒక్కసారే వీలవుతుందంటే పొద్దున పూట రమ్మనండి. రాత్రంతా ఏం జరిగిందో పిల్లులు మలమూత్రాలకు వెళ్ళే ట్రేలు చెప్తాయి. వచ్చినప్పుడల్లా అరగంట ఉండాలి. గిన్నె నింపేసి వెళ్ళిపోవడం లెక్కలోకి రాదు.

తిండి లెక్క ఇది. పెద్ద పిల్లికి కిలో బరువుకు రోజుకు సుమారు 12 నుంచి 14 గ్రాముల డ్రై ఫుడ్ సరిపోతుంది. మీ మగదానికి 55 గ్రాములు, ఆడదానికి 45. రెండింటికీ కలిపి రోజుకు 100 గ్రాములు, 9 రోజులకు 900. రైలు ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా కిలోన్నర పెట్టి వెళ్ళండి. ఆపరేషన్ అయిన పిల్లికి ఒళ్ళు తొందరగా వస్తుంది కాబట్టి, 'పాపం ఒంటరిగా ఉందిగా' అని గిన్నె కుప్పగా పోయవద్దని పిన్నిగారికి ముందే చెప్పండి. ఇంట్లో ఒక గ్లాసు తీసుకుని, వంటింటి కాటా మీద తూచి, 50 గ్రాములు ఎక్కడికి వస్తాయో అక్కడ మార్కరుతో గీత గీసి డబ్బాలో పడేయండి. 'గుప్పెడు' అంటే ఒక్కొక్కరి గుప్పెడు ఒక్కో రకం. వెట్ ఫుడ్ పెట్టేటట్లయితే పిన్నిగారు ఉన్నంతసేపే. మే ఎండలో అది గంట తిరక్కుండా పాడవుతుంది.

నీళ్ళ అవసరం కిలోకు రోజుకు 50 మిల్లీలీటర్ల చొప్పున చూసుకోండి. డ్రై ఫుడ్ తినే పిల్లికి ఇందులో దాదాపు అంతా గిన్నె నుంచే రావాలి. మూడు వేరు వేరు చోట్ల, వెడల్పాటి స్టీలు లేదా పింగాణీ గిన్నెలు పెట్టండి. ఒకటి ఒలికినా రెండు మిగులుతాయి. తిండి గిన్నె పక్కనే నీళ్ళు పెడితే చాలా పిల్లులు తాగవు. కాస్త దూరంగా ఉంచండి.

ఇక లిట్టర్, అంటే ఆ ట్రేల్లో పోసే ఇసుకలాంటిది. పిల్లులెన్నో ట్రేలు అంతకు ఒకటి ఎక్కువ, అంటే మీకు మూడు. ఒక్కో దానిలో రెండు మూడు అంగుళాల మందాన పోయాలి. ఇన్నాళ్ళూ ఇసుక వాడుతుంటే ఇసుకే, కొబ్బరి పొట్టు వాడుతుంటే అదే. వెళ్ళే ముందు రోజు కొత్తరకం లిట్టరు తెచ్చి పోయడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు పిల్లి సోఫా మూల చూసుకుంటుంది, తిట్లు పిన్నిగారికి పడతాయి. ఆవిడ రోజూ ఉండలు లెక్కపెట్టాలి. ఒక్కో పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు మూత్రపు ఉండలు, ఒకసారి మలం. రెండింటికీ కలిపి నాలుగుకు తగ్గితే మీకు ఫోన్ చేయాలి. ఉండకట్టే లిట్టర్ అయితేనే ఈ లెక్క తేలిక. ఇసుకైతే తడిసిన చోట్లు చూడాలి.

మగపిల్లి విషయంలో ఇంకొక మాట. అది మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి ముక్కుతూ, అరుస్తూ, చుక్క చుక్కగా పోస్తున్నా, అసలు పోయకపోయినా 'మలబద్ధకం' అనుకుని ఊరుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, 'పొద్దున చూద్దాం' కుదరదు. కాబట్టి ఏ ఆసుపత్రికి, ఏ ఆటోలో, ఎంత ఖర్చు వరకు మీకు ఫోన్ దొరక్కపోయినా ముందుకు వెళ్ళొచ్చో కాగితం మీద రాసి, కొంత డబ్బు కవరులో పెట్టి ఇచ్చి వెళ్ళండి. ఊళ్ళో పశువైద్యశాల ఉంటే సరిపోదు. గేదెలు, ఆవులు చూసే చోట పిల్లికి కేథటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వేసే సదుపాయం ఉందో లేదో, రాత్రిపూట ఎవరుంటారో ప్రయాణానికి ముందే కనుక్కోవాలి.

ఇల్లు సర్దడం తాళం వేసే రోజున కాదు, ముందురోజే. గదుల తలుపులు గాలికి కొట్టుకుని మూసుకుపోతాయి. పిల్లి ఒక గదిలో, ట్రే ఇంకో గదిలో పడితే పొద్దుటిదాకా అంతే. ప్రతి తలుపుకీ అడుగున చెక్కముక్క దోపండి. నీళ్ళ డ్రమ్ములకు మూతలు పెట్టండి. కుట్టుమిషను దారాలు, పూలదండ నూలు, గిఫ్టు రిబ్బన్లు ఎత్తిపెట్టండి. మింగిన దారం పేగుల్ని ముడిచేస్తుంది. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనిపిస్తే లాగకూడదని పిన్నిగారికి చెప్పండి. బీరువాలోని కలరా ఉండలు, పూజగదిలోని కర్పూరం పిల్లికి విషాలే. గచ్చు తుడవడానికి ఫినాయిలు వద్దు. దానిలోని రసాయనాన్ని పిల్లి కాలేయం విడగొట్టలేదు. తడి గచ్చు మీద నడిచి కాళ్ళు నాక్కుంటుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన సైకస్ మొక్క వరండాలో ఉంటే పక్కింటికి పంపేయండి. పూలకొట్లో లిల్లీ అని అమ్మే నేలసంపెంగతో భయం లేదు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల అసలు లిల్లీ మాత్రం ఇంట్లో ఉండకూడదు. దాని పుప్పొడి ఒంటి మీద పడి నాకినా కిడ్నీలు పోతాయి.

మే నెల కాబట్టి ఎండ సంగతి కూడా చూడాలి. తలుపులన్నీ మూసిన డాబా ఇల్లు మధ్యాహ్నానికి పొయ్యి అవుతుంది. కింది అంతస్తులో, ఉత్తరపు వైపు గదిలో, దోమల జాలీ గట్టిగా ఉన్న కిటికీ తెరిచి ఉంచండి. ఫ్యాను ఇన్వర్టరు మీద ఉండాలి. బాత్రూం గచ్చు చల్లగా ఉంటుంది కనుక ఆ తలుపూ తెరిచే ఉంచండి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే దానికి వడదెబ్బ తగిలినట్టే. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్ళలో ముంచకూడదు.

చివరగా, బయల్దేరడానికి వారం ముందు ఒక పూట మీరు ఇంట్లో లేకుండా పిన్నిగారితో మొత్తం చేయించండి. తాళం తియ్యడం, లోపలికి జారి వెంటనే గడియ వేయడం, పిల్లుల్ని లెక్కపెట్టడం, ట్రే తియ్యడం. ఏది మర్చిపోయారో అప్పుడే తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు కూడా తాళం వేసే ముందు రెండు పిల్లుల్నీ కళ్ళారా చూడండి. బీరువాలో ఒకటి ఉండిపోవడం అరుదేమీ కాదు.

ప్రశ్న: టైముకి తిండి పడే మిషను, నీళ్ళ ఫౌంటెను, వైఫై కెమెరా కొన్నాం. 4 రోజులు మనిషి లేకుండా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఒక రాత్రికి సరిపోతుంది. 4 రోజులకు సరిపోదు.

మన దగ్గర ఆ మిషను మూడు రకాలుగా మొరాయిస్తుంది. మొదటిది కరెంటు. గాలివాన వస్తే గంటల కొద్దీ ఉండదు. లోపల సెల్లులు వేసుకునే రకం కాకపోతే టైము మళ్ళీ సున్నా దగ్గర మొదలవుతుంది. సెల్లులు వేసి, ప్లగ్గు పీకి, రెండు పూటలు పడుతుందో లేదో చూడండి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, కెమెరా మొహం చీకటవుతుంది. రెండోది చెమ్మ. కాలువల పక్క గాలికి డ్రై ఫుడ్ మెత్తబడి గొట్టంలో కరుచుకుంటుంది. తొట్టి నిండా పోయకుండా రెండు రోజులకు సరిపడా పోసి, మిషనుతో వచ్చిన తేమ పీల్చే సంచిని మూతలో పెట్టండి. మూడోది చీమలు. ఒక్క బియ్యపుగింజ పడినా బారు కట్టే మన చీమల సంగతి మీకు చెప్పాలా! గిన్నెను వెడల్పాటి పళ్ళెంలో పెట్టి చుట్టూ నీళ్ళు పోయండి. నీళ్ళు ఎండాక అవి మళ్ళీ దాటతాయి, అందుకే రోజూ ఎవరో ఉండాలి. చీమల సుద్ద గీత గీయవద్దు. అందులోని పైరెత్రాయిడ్ మందులు పిల్లి నాడుల మీద పనిచేస్తాయి, వణుకులు పుడతాయి.

ఇవన్నీ సరిగ్గా నడిచినా మిషనుకు చేతకానిది ఒకటుంది. పిల్లి తిన్నదా, పోసిందా అన్నది అది చెప్పలేదు. తిండి పడిన శబ్దం వినిపిస్తుంది, తిన్నది ఎవరో తెలియదు. కెమెరా ట్రే వైపు తిప్పి ఉంచడం మంచి ఆలోచనే, కానీ ఆ ట్రే కడగదు. ఒక పిల్లి రెండు రోజులు మురికి ట్రే చూస్తే మూడో రోజు మంచం పరుపు చూసుకుంటుంది. మిషను ఉంచండి, రోజుకు ఒక మనిషిని కూడా ఉంచండి.

ప్రశ్న: మేం లేనప్పుడు మా మామ్మగారు చూసుకుంటారు. ఆవిడకు పిల్లి అంటే పెరుగన్నం, మిగిలిన చేపల పులుసు. 'మా రోజుల్లో ఇవే తిన్నాయిగా' అంటారు. ఎలా ఒప్పించమంటారు?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఆవిడ చెప్పినదానిలో సగం నిజముంది. ఆ రోజుల్లో పిల్లి పెరుగన్నం పైపైన తిని, అసలు తిండి పొలంలో ఎలుకల మీద గడిపేది. మీది ఇంటి నాలుగు గోడల మధ్య ఉండే పిల్లి, దానికి ఆ ఎలుక లేదు.

పులుసుతో ఇబ్బంది చేప కాదు. ఉల్లి, వెల్లుల్లి. ఉడికినా, పొడి చేసినా, గ్రేవీలో కరిగినా అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. చిగుళ్ళు తెల్లబడి, నీరసించేదాకా బయటపడదు. పులుసులో ఉప్పు, కారం సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పుచేప, ఎండురొయ్యలు కూడా అంతే. పాలు చాలా పెద్ద పిల్లులకు పడవు, విరేచనాలు అవుతాయి. పెరుగు చెంచాడు పర్వాలేదు, అన్నం కలిపి కడుపు నింపితే మాత్రం మాంసకృత్తులు అందవు.

మామ్మగారికి నచ్చేట్టు ఇలా చెప్పండి. పులుసు పెట్టే ముందే చేప ముక్కలు రెండు విడిగా తీసి, ఉప్పు కారం లేకుండా నీళ్ళలో ఉడికించి, ముళ్ళన్నీ వేళ్ళతో తీసి, పిసికి పెట్టమనండి. ఉడికించడం తప్పనిసరి. చాలా రకాల పచ్చిచేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైము ఉంటుంది, వేడికి అది పోతుంది. కోడిమాంసమైతే 4 కిలోల పిల్లికి రోజుకు 120 గ్రాముల దాకా తోలు లేకుండా, ఎముకలు లేకుండా ఉడికించింది, దానిలో రెండు చెంచాల మెత్తటి అన్నం. పది రోజులకు ఇది నడుస్తుంది, నెలల తరబడి కాదు. డ్రై ఫుడ్ అలవాటున్న పిల్లిని ఒక్కసారిగా దీనికి మార్చవద్దు. మీరు ఊరెళ్ళడానికి వారం ముందునుంచే పావు వంతు, సగం, ముప్పావు అని కలుపుతూ రండి.

మందుల పెట్టె మాత్రం మామ్మగారి చేతికి ఇవ్వకండి. జ్వరంగా ఉందని పెద్ద మనసుతో వేసే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే పిల్లిని చంపేస్తుంది. మన కాలేయం చేసే పని దాని కాలేయం చేయలేదు. డాక్టరు ఇచ్చిన మాత్ర ఏదైనా ఉంటే, వేశాక సూది లేని సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్ళు నోటి పక్కనుంచి మెల్లగా పట్టాలి. లేకపోతే మాత్ర గొంతులో ఇరుక్కుని పుండు పడుతుంది.

ప్రశ్న: మా బంధువులు ఎవరూ ఊళ్ళో లేరు. పిల్లిని బోర్డింగులోనే పెట్టాలి. ఏం చూసి ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫోటోలు చూసి కాదు, వెళ్ళి వాసన చూసి. లోపలికి అడుగు పెట్టగానే ఫినాయిలు ఘాటు కొడితే వెనక్కి తిరగండి. మూత్రం ఘాటు కొట్టినా అంతే.

వాళ్ళు మిమ్మల్ని వ్యాక్సిన్ కార్డు అడగాలి. అడగని చోట పెట్టకండి. మీ పిల్లికి వ్యాక్సిన్ ఉందన్నది సరే, పక్క గూటి పిల్లికి ఉందా అన్నదే అసలు ప్రశ్న. పిల్లుల పార్వో అనే పాన్‌ల్యూకోపీనియా వైరస్ గోడల్లో, గూళ్ళలో ఏడాదిదాకా బతికి ఉంటుంది, ఫినాయిలుకు చావదు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు నీళ్ళు 32 వంతులు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. 'గూళ్ళు దేనితో కడుగుతారండీ?' అని అడిగితే ఈ జవాబు తడుముకోకుండా రావాలి. మీ పిల్లికి మూడు రకాల జబ్బుల వ్యాక్సిన్, రేబిస్ టీకా రెండూ బోర్డింగుకు కనీసం మూడు వారాల ముందే అయిపోవాలి. టీకా వేయించి మర్నాడే దించితే రక్షణ ఇంకా రాదు.

గూడు చూడండి. పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, రెండడుగులు వేయగలగాలి. ఎక్కి కూర్చోవడానికి మధ్యలో బల్ల ఉండాలి. తిండి ఒక కొసన, ట్రే ఇంకో కొసన. ఎదురెదురు గూళ్ళలో పిల్లులు ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకునే ఏర్పాటు మంచిది కాదు. ముందు సగం గుడ్డ కప్పమనండి. కుక్కల అరుపులు వినపడే హాల్లో అసలు వద్దు. రాత్రి ఎవరుంటారో, ఆ మనిషికి ఫోన్ ఉందో లేదో కూడా అడగాలి.

తీసుకెళ్ళాల్సినవి: ఉతకని దుప్పటి ఒకటి (మీ వాసన ఉండాలి), ఇంట్లో తినే తిండే రోజుల లెక్కకు రెట్టింపు, అదే లిట్టరు, మీ సంతకంతో వైద్యానికి అనుమతి పత్రం. రోజూ పొద్దున ఒక ఫోటో పంపమనండి. పిల్లిది కాదు, ట్రేది. నవ్వుతారు, అయినా అడగండి.

మూడు నెలల లోపు పిల్లకూనల్ని, పాలిచ్చే తల్లిని బోర్డింగులో పెట్టకండి. ప్రయాణం వాయిదా వేసుకోండి, లేదా ఇంట్లోనే మనిషిని పడుకోబెట్టండి. కూనలకు రోజుకు నాలుగుసార్లు తిండి కావాలి. ఆడపిల్లికి ఆపరేషన్ చేయించాలనుకుంటే ఊరెళ్ళడానికి నెల ముందే చేయించండి. కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పరాయి చేతికి ఇవ్వకూడదు.

ప్రశ్న: మాది లంక గ్రామం. ఆగస్టులో వారం రోజులు మా అమ్మాయి దగ్గరికి హైదరాబాదు వెళ్ళాలి. పిల్లిని అవతలి వీధి పాలేరు చూస్తానన్నాడు. వరద వస్తే?
– ఒక పాఠకురాలు, పి.గన్నవరం

జవాబు: జులై, ఆగస్టుల్లో లంకలో పిల్లిని వదిలి వెళ్ళడమంటే గోదావరి మీద భారం వేయడమే. ఆ మనిషి నమ్మకస్తుడే కావచ్చు, కానీ నీళ్ళొస్తే ముందు తన పశువుల్ని దాటించుకోవాలి కదా. అది ఆయన తప్పు కాదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక కోసం ఆగవద్దు. భద్రాచలంలో మట్టం 43 అడుగులు దాటిందని, అంటే అక్కడి మొదటి హెచ్చరిక అని వినగానే, ఆ నీళ్ళు కింది వైపుకు రావడానికి ముందే, పిల్లిని కాజ్‌వే దాటించి గట్టు మీది ఊరికి చేర్చాలి. కాజ్‌వే మునిగాక పడవ ఎక్కించడం పిల్లితో చాలా కష్టం. ఒడిలో పట్టుకున్న పిల్లి ఇంజను చప్పుడుకి ఎగిరి దూకుతుంది.

కాబట్టి మీరు ప్రయాణమయ్యే ముందే అవతలి గట్టున ఒక ఇల్లు మాట్లాడుకోండి. పిల్లిని మొదటి రోజునుంచీ అక్కడే ఒక గదిలో ఉంచడం ఇంకా మేలు. ఇల్లు మార్చడం మంచిది కాదని పైన మేమే చెప్పాం, నిజమే. లంకకు అది వర్తించదు. గట్టి ప్లాస్టిక్ క్యారియర్ కొనండి. వెదురు గంప మీద గోనెసంచి కట్టి తేవడం మన అలవాటే గానీ, భయపడ్డ పిల్లి దాన్ని చీల్చుకుని వస్తుంది. క్యారియర్‌ను రెండు వారాల ముందే తలుపు తెరిచి హాల్లో పడేసి, అందులో తిండి పెట్టండి. అది దానికి పడక అయిపోవాలి. తప్పనిసరిగా లంకలోనే ఉంచాల్సి వస్తే, మేడ మీద గదిలో పది రోజుల తిండి గట్టి మూత ఉన్న డబ్బాలో, 20 లీటర్ల నీళ్ళ టిన్ను, ట్రే పెట్టి, మెట్ల దారి తెరిచి ఉంచాలి. ఏ పరిస్థితుల్లోనూ తాడుతో కట్టకూడదు.

ప్రశ్న: మేం ఊరెళ్తే మా ఆడపడుచు పిల్లిని చూస్తుంది. ఆమెకు ఐదో నెల. ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: తిండి, నీళ్ళు ఆమె పెట్టొచ్చు, నిమరొచ్చు. ట్రే మాత్రం ముట్టకూడదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే, కడుపులోని బిడ్డకు హాని చేసే పరాన్నజీవి గుడ్లు రావొచ్చు. అవి అప్పుడే అంటుకోవు. ఒకటి నుంచి ఐదు రోజులు ట్రేలో ఉన్నాక అంటుకునే స్థితికి వస్తాయి. అందుకని ట్రే వేరే వాళ్ళు ప్రతిరోజూ, చేతికి తొడుగు వేసుకుని తియ్యాలి. ఎవరూ లేకపోతే ఆమెకు ఈ పని ఇవ్వకండి. పచ్చిమాంసం పెట్టకుండా, బయట వేటాడనివ్వకుండా ఉంచిన పిల్లితో ఈ భయం చాలా తక్కువ.

ప్రశ్న: మా పిల్లి బయట తిరిగేది. రాత్రి చేలల్లోకి వెళ్ళి తెల్లారి వస్తుంది. మేం లేనప్పుడు అలాగే వదిలేయొచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: వద్దు. సార్వాలోనూ దాళ్వాలోనూ చేలల్లో ఎలుకల మందు పెడతారు. బ్రోమడయోలోన్ అనే ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది, అలాంటిదే పిల్లికి సులువుగా దొరుకుతుంది. తిన్న పిల్లికి కూడా రక్తం గడ్డకట్టడం ఆగి, మూడు నుంచి ఐదు రోజులకు ముక్కులో రక్తం, నల్లటి మలం, ఆయాసం కనిపిస్తాయి. విటమిన్ కె1 ఇస్తే బతుకుతుంది, ఎవరైనా చూసి తీసుకెళ్తే కదా. మీరున్నప్పుడు పొద్దున రాకపోతే వెతుకుతారు. తాళం వేసిన ఇంటికి అది వచ్చిందో రాలేదో ఎవరికీ తెలియదు.

వెళ్ళడానికి పది రోజుల ముందునుంచే రాత్రి భోజనం ఇంట్లోనే పెట్టి, తిన్నాక తలుపు వేయండి. మొదటి మూడు రాత్రులు గోల చేస్తుంది. చెవులు మూసుకోండి, నాలుగో రాత్రికి తగ్గుతుంది. ఆపరేషన్ కాని మగపిల్లి అయితే తగ్గదు, అందుకే ముందు ఆపరేషన్. దోమలు, గోమార్లు అని కుక్కలకు వాడే మెడ మీది మందు పిల్లికి పూయకండి. పర్మెత్రిన్ ఉన్నదైతే పిల్లి మూర్ఛలతో చస్తుంది. చూసుకునే మనిషిని పిల్లి కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా సంగతి అడగాలి.

ప్రశ్న: సంక్రాంతికి హైదరాబాదు నుంచి తణుకు కారులో వస్తున్నాం. పిల్లిని తీసుకురావొచ్చా, అక్కడే వదలాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మూడు రోజులకే అయితే అక్కడే, మనిషిని పెట్టి వదలండి. కానీ ఆ మనిషి కూడా పండక్కి ఊరెళ్తాడు. డిసెంబరులోనే మాట తీసుకోండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీ వాచ్‌మన్ ఎలా కదులుతాడు?

తీసుకొస్తే ఇలా. బయల్దేరడానికి ఐదారు గంటల ముందు తిండి ఆపండి, నీళ్ళు ఆపవద్దు. క్యారియర్ వెనక సీటుకు బెల్టుతో కట్టి, మీద పల్చటి తువ్వాలు. దారిలో టీ కోసం ఆగినప్పుడు క్యారియర్ తెరవద్దు, కారులో వదిలి వెళ్ళనూ వద్దు. దారిపొడవునా అరిచే పిల్లికి మత్తుమందు మీ అంతట మీరు ఇవ్వకండి, డాక్టరు బరువు చూసి రాయాలి. రైలంటే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం తీసుకోవాలి. స్లీపరులో, త్రీటయరులో తీసుకెళ్ళనివ్వరు.

ఇంటికి చేరాక ఒక గదిలో ట్రే, నీళ్ళు, క్యారియర్ పెట్టి తలుపు వేయండి, పండగంతా ఆ గదే. తలుపు మీద 'లోపల పిల్లి ఉంది' అని పెద్దక్షరాలతో రాయండి. బంధువుల పిల్లలు తెరిచిన తలుపులోంచి, భోగిమంటలూ టపాకాయలూ ఉన్న రాత్రి బయటికి పారిపోయిన పిల్లిని వెతకడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: ఊరినుంచి వచ్చాక మా పిల్లి మా పరుపు మీద మూత్రం పోస్తోంది. కోపమా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: కోపం కాదు. రెండు కారణాల్లో ఒకటి. బెంగకు, మార్పుకు పిల్లి మూత్రాశయం వాస్తుంది; లేదా మీరు లేనప్పుడు ట్రే సరిగా తీయలేదు, అది వేరే చోటు అలవాటు చేసుకుంది. ముందు మూత్రపరీక్ష చేయించండి. రక్తం చారలు కనిపించినా, మగపిల్లి ముక్కుతున్నా ఈ పూటే. పరీక్షలో ఏమీ లేకపోతే ట్రేని పూర్తిగా ఖాళీ చేసి, వేడినీళ్ళతో, సబ్బుతో కడిగి, కొత్తగా నింపి, పాత చోటే పెట్టండి. ఇంకో ట్రే పడకగదిలో రెండు వారాలు ఉంచండి. తిట్టవద్దు, ముక్కు దానిలో రుద్దవద్దు. అలా చేస్తే మీకు కనపడని మూల వెతుక్కుంటుంది.

పరుపు సంగతి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మూత్రం వాసనలాగే ఉంటాయి, వాటితో తుడిస్తే మళ్ళీ రమ్మని పిలిచినట్టే. వెనిగర్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి తడిపి, పాతగుడ్డతో ఒత్తి పీల్చి, ఆరాక పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైము క్లీనరు పోసి రాత్రంతా వదిలేయండి. తర్వాత రెండు రోజులు డాబా మీద ఎండబెట్టండి, ఈ నెల ఎండ దానికి సరిపోతుంది. పరుపు తిరిగి వేశాక పదిరోజులు దాని మీద ప్లాస్టిక్ షీటు ఉంచి, పిల్లి తిండి గిన్నె ఆ మంచం పక్కనే పెట్టండి. తిండి పెట్టే చోట పిల్లి పోయదు.